గుండీ మీద చెయ్యి

అక్టోబర్ 7, సోమవారం

ఇది నాన్న పాత ట్రిప్పు రిజిస్టరు. సగం రాసి వదిలేసింది. టైము, స్టాపు, ఎక్కినవాళ్ళు, రిమార్కులు అని నాలుగు గళ్ళున్నాయి. నేను గళ్ళు పట్టించుకోకుండా రాస్తున్నాను. ఎవరైనా తెరిస్తే లెక్కల చిత్తు పుస్తకం అనుకోవాలని మొదటి పేజీలో రెండు లెక్కలు చేసిపెట్టాను. రెండూ తప్పే.

ఈరోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదని రాసుకోవడానికే మొదలుపెట్టాను. పొద్దున ట్రిప్పు, సాయంత్రం ట్రిప్పు, రెండూ చక్కగా నడిచాయి.

నాన్న ఏడో నంబరు స్కూలు బస్సు డ్రైవరు. పందొమ్మిదేళ్ళలో బండి మీద ఒక్క గీత పడనివ్వలేదు, పోయిన నెల షెడ్డు గోడ తప్ప. రివర్సులో పిల్లి అడ్డొచ్చిందని ట్రాన్స్‌పోర్ట్ సారుకి చెప్పింది నేనే. పిల్లి ఏ రంగని అడిగారు. బూడిద రంగన్నాను. అడక్కపోయినా తోక మాత్రం తెలుపని కూడా చెప్పాను. అబద్ధం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో నాకు తెలీదు.

అక్టోబర్ 8, మంగళవారం

అసలు సంగతి ఒక్కసారి రాసేస్తాను. మళ్ళీ రాయను.

గోడకి గుద్దిన వారం తర్వాత నాన్న కుళాయి దగ్గర నిలబడి ఉన్నాడు. బకెట్ నిండి నీళ్ళు పొర్లిపోతున్నాయి. "నాన్నా, నీళ్ళు" అన్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, నా వైపే ఉన్నాయి. నోట్లో ఏమీ లేకపోయినా నములుతున్నాడు. ఎడమ చెయ్యి చొక్కా గుండీని పట్టుకుని అదే పనిగా తిప్పుతోంది. ఒక నిమిషం. తర్వాత "ఏంటే, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?" అన్నాడు. బకెట్ చూసి, కుళాయి కట్టలేదని నన్నే తిట్టాడు.

ముగ్గురం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చెల్లిని, అంటే మా పిడుగుని, పక్కింట్లో వదిలి. ఫిట్స్ అంటే కిందపడి కొట్టుకోవడమొక్కటే కాదు, ఇలా కూడా వస్తాయి, మనిషి ఎదురుగానే ఉంటాడు కానీ ఉండడు అందావిడ. మందులు రాసింది. కింద ఒక గీత గీసి "ఆరు నెలల పాటు వాహనం నడపరాదు" అని రాసి సంతకం పెట్టింది.

అమ్మ ఆ కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి గుండీల డబ్బా అడుగున పడేసింది. అమ్మ యూనిఫారాలు కుడుతుంది. ఆ డబ్బాలో చెయ్యి పెట్టే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

"ఆరు నెలలే కదే. మందులు వేసుకుంటున్నాడు. నువ్వు డ్రైవరు వెనక సీట్లో కూర్చో. మాట్లాడిస్తూ ఉండు. మాట్లాడుతున్న మనిషికి ఏమవుతుంది?" అంది.

నిజమే, మాట్లాడుతున్న మనిషికి ఏమవుతుంది?

బస్సు పోతే షెడ్డు వెనక డ్రైవరుకని ఇచ్చిన ఈ గది పోతుంది. గది పోతే ఈ బడి పోతుంది, నాదీ పిడుగుదీ. అమ్మ ఈ మాట అనలేదు. మిషను తొక్కుతూ గోడల్ని చూసింది, అంతే.

అక్టోబర్ 10, గురువారం

మూడు రోజుల్లో మాటలైపోయాయి. కన్న తండ్రితో రోజుకి రెండుసార్లు యాభై నిమిషాలు ఎవరైనా ఏం మాట్లాడతారు? నిన్న టైరులో గాలి ఎంత ఉండాలో రెండోసారి చెప్పించుకున్నాను. నాన్నకే విసుగొచ్చింది.

అందుకని లైబ్రరీ మేడమ్‌ని గట్టిగా చదవడానికి బాగుండే పుస్తకం అడిగాను. నీలం అట్టది ఇచ్చింది. తెరిస్తే పేజీలో సగం ఖాళీ. లైనుకి మూడు మాటలు, ఒక్కో చోట ఒకటే.

"ఇది కథా, కవితా మేడమ్?"

"రెండూనే. ఆ అరంతా ఇవే, మీ వయసు పిల్లల కథలు. కష్టంలో ఉన్నవాళ్ళు మాట్లాడితే ఇలాగే ఉంటుంది. రెండు మాటలు, ఒక గుటక" అని ముద్ర కొట్టి ఇచ్చేసింది.

ఆ అరలో వెనక అట్టలన్నీ చదివాను. ఒకమ్మాయి అన్న మత్తుమందులకి అలవాటు పడ్డాడు. ఒకబ్బాయి తండ్రి జైల్లో ఉన్నాడు. ఒకమ్మాయి అద్దం చూస్తే భయపడి తిండి మానేసింది. ఒక్కళ్ళకీ తిన్నగా ఉండే ఇల్లు లేదు. మా ఇల్లు నయం అనిపించింది.

అక్టోబర్ 11, శుక్రవారం

పద్ధతి కుదిరింది! నాన్నే చెప్పాడు. నేను ఒక లైను చదివి ఆగుతాను. నాన్న చివరి మాట అంటాడు. పుస్తకంలో ఖాళీలు ఉన్నది అందుకే అన్నట్టు సరిగ్గా సరిపోయింది.

అమ్మ ఇవాళ కూడా లేవలేదు.
"లేవలేదు."
పాలు పొంగాయి.
"పొంగాయి."
నేనే ఆపాను.
"ఆపాను. ఈ రాసినావిడ కాగితం దండగ చేసిందే. ఇంత ఖాళీలో ఇంకో కథ పట్టేది."

"నువ్వు మాట అనకపోతే?" అన్నాను.

"అనకపోతే చెవుడొచ్చిందనుకుని గట్టిగా కేకెయ్యి, కండక్టరమ్మా." నన్ను కండక్టరమ్మా అనడం మొదలుపెట్టాడు. ఒళ్ళు మండుతుంది కానీ బాగానే ఉంది.

వెనక నుంచి ఆయమ్మ రెండు బెల్లులు కొట్టింది, బయల్దేరాం. ఆయమ్మ పిల్లల్ని లెక్కపెట్టి, తలుపేసి, తాడు రెండుసార్లు లాగితే తప్ప నాన్న బండి కదిలించడు. ఒకసారి ప్రిన్సిపాల్‌గారే బస్సులో కూర్చుని టైమైపోయింది పోనివ్వమన్నారట. ఆయమ్మ కింద ఎవరి చెప్పో వెతుకుతోందట. నాన్న కదల్లేదు. "బెల్లు పడలేదు సార్" అన్నాడట. ఈ కథ మా ఇంట్లో ఇప్పటికి వందసార్లు విన్నాం.

అక్టోబర్ 13, ఆదివారం

నాన్న ఖాళీ బస్సులోకి పిలిచి హ్యాండ్ బ్రేకు లాగడం నేర్పాడు. నా చెయ్యి మీద తన చెయ్యి వేసి లాగించాడు. "ఇది లాగితే ఏనుగైనా ఆగాల్సిందే" అన్నాడు.

"నాకెందుకు ఇది?"

"ఊరికే. తెలుసుకుంటే తప్పేముంది?"

ఊరికే నేర్పాడు.

అక్టోబర్ 17, గురువారం

టైర్ల కొట్టు దగ్గర ఒక్క లైనుకి జవాబు రాలేదు. తుమ్మాడేమో.

తుమ్మాడు.

అక్టోబర్ 18, శుక్రవారం

నీలం పుస్తకంలో నూట నలభై ఒకటో పేజీలో ఆ అమ్మాయి, అన్నాళ్ళూ దాచిన వాళ్ళమ్మ జబ్బు సంగతి పక్కింటావిడకి చెప్పేస్తుంది. ముందే చదువుకున్నాను కాబట్టి సరిపోయింది. అక్కడికి రాగానే రెండు పేజీలు కలిపి తిప్పేశాను.

"ఇదేంటే? నిన్నటిదాకా దాచింది, ఇవాళ అందరికీ తెలిసిపోయినట్టుందే. మధ్యలో ఏదో ఎగ్గొట్టావు" అన్నాడు నాన్న.

"ఆవిడ అలాగే రాసింది."

"కాగితం అంత ఖాళీగా వదిలి, కథ కూడా ఎగ్గొట్టిందా!"

ఈ పుస్తకాలన్నీ ఇంతే, మూడొంతులు అయ్యేసరికి ఎవరో ఒకరికి చెప్పేస్తారు. ఆ విన్నవాళ్ళు కూడా ఎంత మంచివాళ్ళో! ఒళ్ళో కూర్చోబెట్టుకుంటారు. ఎవరి గదీ పోదు.

నవంబర్ 1, శుక్రవారం

వేరే పుస్తకం తెచ్చాను, జైలు తండ్రిది. పనికిరాలేదు. నాన్న కథలో పడిపోయి మాటలు అనడం మర్చిపోతున్నాడు. అలా మర్చిపోయిన ప్రతిసారీ నా గుండె గుభేలుమంటోంది. మళ్ళీ నీలం పుస్తకమే మొదలుపెట్టాం.

"రెండోసారా?" అంది లైబ్రరీ మేడమ్.

"చాలా బావుంది మేడమ్."

"బావుందా, అవసరమా?"

"చాలా బావుంది" అన్నాను మళ్ళీ.

నవంబర్ 6, బుధవారం

పిడుగు ముందు పన్ను ఊగుతోంది. బస్సంతా తిరిగి అందరికీ ఊపి చూపించింది. ఏడేళ్ళకి ఇంత గర్వమేమిటో. ఆయమ్మ దాన్ని లాక్కొచ్చి మూడో వరసలో దాని సీట్లో కూర్చోబెట్టింది.

నాన్న బాగున్నాడు. మందులు మాత్రం పొద్దున పూట మానేశాడట, నిద్రమత్తుగా ఉంటోందని. మత్తులో బండి నడపడం ప్రమాదం కదా అన్నాడు. అదీ నిజమే.

నవంబర్ 12, మంగళవారం

మూడోసారి మొదలుపెట్టాం. ఇప్పుడు నాన్నకి పుస్తకమంతా కంఠతా వచ్చేసింది. నేను సగం లైనులో ఉండగానే చివరి మాట అనేస్తున్నాడు. ఒక్క ఖాళీ కూడా పోవడం లేదు. మా పద్ధతి రోజురోజుకీ గట్టిపడుతోంది.

ఆయమ్మ వెనక నుంచి, "ఏంటే రోజూ ఆ తండ్రీ కూతుళ్ళ పాఠం? మీ నాన్నకేమైనా పరీక్షలున్నాయా?" అని అరిచింది. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నవంబర్ 20, బుధవారం

వరసగా రాస్తాను.

పొద్దున టైర్ల కొట్టు దాటాం. తర్వాతి స్టాపు పచ్చ గేటు. అక్కడ కవలలు ఎక్కుతారు. పుస్తకం మళ్ళీ మొదటి పేజీ నుంచి చదువుతున్నాను, నాన్న అంటున్నాడు. లేవలేదు. పొంగాయి. ఆపాను. అన్నీ సరిగ్గా చెబుతున్నాడు.

పచ్చ గేటు వచ్చింది. కవలలిద్దరూ చేతులెత్తారు. బస్సు ఆగలేదు.

నేను చదవడం ఆపేశాను.

నాన్న ఆపలేదు.

"పొంగాయి" అన్నాడు. "ఆపాను" అన్నాడు. "పొంగాయి. ఆపాను. పొంగాయి."

నేనేమీ చదవడం లేదు. అద్దంలో కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎడమ చెయ్యి గుండీ మీద ఉంది. రోజూ నేను పుస్తకంలోకి చూస్తూ చెవులతో కాపలా కాశాను, ఒక్కనాడూ చేతివైపు చూడలేదు. ఎన్నిసార్లు ఇలా ఉండి కూడా నాకు మాటలు చెప్పాడో ఇప్పుడెవరు చెబుతారు?

ముందు కాలువ మలుపు. "నాన్నా!" అని అరిచాను. భుజం పట్టి ఊపాను. బస్సు తిన్నగానే పోతోంది, రోడ్డు మాత్రం తిన్నగా లేదు. కమ్మీ మీంచి వంగి బ్రేకు పట్టుకుని రెండు చేతులా లాగాను.

బండి ఒక్క కుదుపుతో అరుచుకుంటూ జారి ఆగింది. సంచులన్నీ ముందుకొచ్చిపడ్డాయి. ముందు చక్రానికీ కాలువ గోడకీ మధ్య బారెడు కూడా లేదు. పిల్లలందరూ ఒక్కసారిగా ఏడుపు. వెనక్కి తిరిగి చూస్తే పిడుగు నోటినిండా రక్తం.

అది నోట్లో వేలు పెట్టి పన్ను బయటికి తీసి చూసుకుంది. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది, పన్ను కోసం కాదు, ఊడేటప్పుడు ఎవరూ చూడలేదని.

"ఎవరే బ్రేకు లాగింది?" అన్నాడు నాన్న. వచ్చేశాడు. గొంతు మామూలుగా ఉంది.

"నేనే."

ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందయ్యా? ఏమైంది?"

నాన్న కిందికి చూసుకున్నాడు. చెయ్యి ఇంకా గుండీ మీదే ఉంది. మెల్లగా తీసి స్టీరింగు మీద పెట్టాడు. అద్దంలో నన్ను చూశాడు. ఆయనకి తెలిసింది. ఒట్టేసి చెప్పగలను, ఆయనకి తెలిసింది.

"పిల్ల అల్లరి ఆయమ్మా. బుద్ధి లేకుండా లాగేసింది" అన్నాడు.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్‌గారి గదిలో ఉత్తరం రాయించారు. "నేను ఆకతాయితనంగా బ్రేకు లాగి ముప్ఫై ఒక్క మంది పిల్లలను ప్రమాదంలో పడేశాను. ఇకపై చేయను." కింద నా సంతకం. దాని కింద తండ్రి సంతకం. నాన్న సంతకం చాలా బాగుంటుంది, చివర సున్నా చుట్టి తోక లాగుతాడు. ఇవాళ కూడా తోక లాగాడు.

ట్రాన్స్‌పోర్ట్ సారు, "నెల్లాళ్ళు నువ్వు బస్సెక్కడానికి వీల్లేదు" అన్నారు. పిల్లి సంగతి గుర్తున్నట్టుంది, అదోలా చూశారు.

సాయంత్రం ట్రిప్పుకి నేను లేను, ముందే ఇంటికి పంపేశారు. షెడ్డు గేటు దగ్గర నిలబడ్డాను. బడి వదిలే టైము నుంచి లెక్కపెట్టాను. యాభై నిమిషాలు. దూరంగా ఏ హారను వినిపించినా రోడ్డు మీదికి వెళ్ళి చూశాను. యాభై రెండో నిమిషానికి బస్సు వచ్చింది, కిటికీలోంచి కొత్త సందు చూపిస్తూ నవ్వుతూ పిడుగు. నాన్న దిగి నా పక్కన ఆగాడు.

"చూశావా? నువ్వు లేకపోయినా ఏమీ కాలేదు."

"ఉత్తరం మీద సంతకం ఎందుకు పెట్టావు?"

తాళం చెవి జేబులో వేసుకున్నాడు.

"నాన్నా, పొద్దున నేను చదవడం లేదు. నువ్వు ఊరికే అంటూనే ఉన్నావు."

"ఇంకా నాలుగున్నర నెలలు" అన్నాడు. ఏడుపు గొంతు. నాన్నకి ఆ గొంతు ఉందని నాకు తెలీదు. "ఎలాగో గట్టెక్కిద్దాం కండక్టరమ్మా. ఎవరికీ చెప్పకు. నాకు ఇది తప్ప వేరే పని రాదు."

చెప్పనన్నాను.

చెప్పనని అన్నాను.

అమ్మ మిషను తొక్కుతూనే ఉంది. ఇవాళ ఒక చొక్కాకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టేసింది. తప్పు చూసుకుని విప్పుతోంది.

నవంబర్ 21, గురువారం

పొద్దున అమ్మ నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడు గుండీల డబ్బాలో చెయ్యి పెట్టాను. కాగితం అడుగునే ఉంది. మడతల్లో రెండు చిన్న గుండీలు ఇరుక్కున్నాయి. వాటిని తీసి డబ్బాలో వేశాను. అలాంటి సమయంలో అంత జాగ్రత్తగా ఎందుకు వేశానో తెలీదు.

షెడ్డు దగ్గర ఎక్కే పిల్లలు పదిమంది ఎక్కారు. పిడుగు ఎక్కింది. నాన్న ఇంజను వేశాడు. ఆయమ్మ మెట్టు దగ్గర లెక్కపెడుతోంది. నేను స్తంభం పక్కన ఉన్నాను. నేను బస్సు ముట్టుకోకూడదు కదా.

"ఆయమ్మా" అన్నాను.

"పోవే. నిన్నటి దెబ్బకి నా నడుం పట్టేసింది. నీతో మాట్లాడను."

కాగితం ఇచ్చాను. చేతిలో తిప్పి, "కళ్ళద్దాలు తేలేదు. ఏంటిది? మళ్ళీ క్షమాపణా? చదువు" అంది.

ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాను. చదవాల్సి వస్తుందనుకోలేదు. ఒక మాట చదివి ఆగాను. ఇంకో మాట చదివి ఆగాను. నాన్న పేరు. వయసు. జబ్బు పేరు నాకు పలకడం రాలేదు, వదిలేశాను.

"ఆరు నెలల పాటు" అన్నాను.

"పాటు?" అంది ఆయమ్మ.

"వాహనం నడపరాదు."

"నడపరాదు" అంది ఆయమ్మ.

నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకోలేదు. నీ వయసుకి ఎంత ధైర్యమే అని కూడా అనలేదు. "నిన్న బ్రేకు?" అంది. తల ఊపాను. "ఎన్నాళ్ళ నుంచి?" అంది. రెండు నెలలన్నాను. పళ్ళు కొరికి, "నీ వీపు పగలగొట్టాలే" అని కాగితం నా చేతిలోనే పెట్టేసి బస్సెక్కింది. తలుపు వేసింది. వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

బెల్లు కొట్టలేదు.

నాన్న అద్దంలో చూశాడు. "ఆయమ్మా, బెల్లు!"

పిల్లలు "బెల్లు! బెల్లు!" అని అరవడం మొదలుపెట్టారు. అందరికంటే గట్టిగా పిడుగు అరిచింది. ఆయమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"టైమైపోతోంది ఆయమ్మా."

"కొట్టను తమ్ముడూ."

ఇంజను నడుస్తూనే ఉంది. నాన్న ఆమెని చూశాడు. తర్వాత తల తిప్పి, స్తంభం పక్కన నన్ను చూశాడు, నా చేతిలో ఎనిమిది మడతల కాగితాన్ని చూశాడు. వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది, శబ్దం ఒకసారి పెరిగింది కూడా. నేను బస్సు ముందుకి పరుగెత్తుదామనుకున్నాను. స్తంభం పట్టుకునే ఉండిపోయాను.

బెల్లు పడలేదు. నాన్న కదల్లేదు. ఇంజను కట్టేశాడు.

నాన్న దిగాడు. తాళం చెవి చేత్తో పట్టుకుని ట్రాన్స్‌పోర్ట్ సారు గదివైపు వెళ్ళాడు. నా పక్క నుంచే వెళ్ళాడు. స్తంభం ఒక్కటే ఉన్నట్టు, నేను లేనట్టు వెళ్ళాడు.

నవంబర్ 22, శుక్రవారం

బస్సుకి వేరే డ్రైవరొచ్చాడు. గేరు మారిస్తే బండి దగ్గుతోంది. నాన్న గదిలోంచి ఆ శబ్దం విని కళ్ళు మూసుకున్నాడు.

"సంతోషమేనా?" అంది అమ్మ నాతో. అంతే అంది.

కాదు. సంతోషంగా లేదు. నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు. నూట నలభై ఒకటో పేజీ తర్వాత పేజీల్లో ఈ సంగతి ఆ పుస్తకం రాసినావిడ ఎక్కడా రాయలేదు.

నవంబర్ 25, సోమవారం

ప్రిన్సిపాల్‌గారు నా ఉత్తరం చింపేశారు. గది డిసెంబరు చివరికల్లా ఖాళీ చెయ్యాలి. బడిలో మా సీట్ల సంగతి ఈ ఏడాది వరకూ ఫరవాలేదన్నారు. ఆ తర్వాత సంగతి వాళ్ళు చెప్పలేదు, మేము అడగలేదు.

నాన్న నాతో మాట్లాడడం లేదు. ఐదో రోజు.

నవంబర్ 29, శుక్రవారం

పొద్దున ఏడూ ఇరవైకి వచ్చింది. నాన్న టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. గుండీ తిప్పుతున్నాడు, నములుతున్నాడు. టీ కాళ్ళ మీద ఒలికింది, తెలీలేదు. అమ్మ మొదటిసారి మొదటి నుంచీ చివరిదాకా చూసింది. గోడ గడియారం చూస్తూ నిలబడింది. నిమిషమున్నర.

ఏడూ ఇరవైకి బస్సు కాలువ మలుపు దగ్గర ఉంటుంది.

అమ్మకి తెలుసు. ఆ రూటు ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నా దగ్గరికొచ్చి, తను తాగబోయే టీ నా చేతిలో పెట్టింది. మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళిపోయింది.

డిసెంబర్ 3, మంగళవారం

నాన్న రెండు పూటలా మందులు వేసుకుంటున్నాడు. అమ్మ ఎదురుగా నిలబడి మింగిస్తోంది. నాతో పదమూడో రోజు మాటల్లేవు. ఏదైనా కావాలంటే పిడుగుతో చెబుతాడు. "మీ అక్కని ఆ కిటికీ వెయ్యమను." పిడుగు నా పక్కకొచ్చి, "కిటికీ వెయ్యాలట" అంటుంది. మూడడుగుల గదిలో ఈ రాయబారం.

సాయంత్రం పిడుగు నీలం పుస్తకం లాక్కొచ్చింది. రేపు తిరిగిచ్చెయ్యాలి, లైబ్రరీ మేడమ్ ఇంక పొడిగించనంది. "చదువు" అంది. "బస్సులో చదివినట్టు."

నాన్న గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. నేను పుస్తకం తెరిచి, ఈసారి పేజీలు కలిపి తిప్పలేదు. నూట నలభై ఒకటి.

తలుపు కొట్టాను, అని చదివి ఆగాను.

జవాబు రాలేదు.

గుండె గుభేలుమంది. ఇది అలవాటైపోయింది, పోదు. వెంటనే చేతివైపు చూశాను. రెండు చేతులూ కట్టుకుని ఉన్నాయి. గుండీ మీద లేవు. నోరు నమలడం లేదు, బిగించి ఉంది. కళ్ళు చూశాను. ఎర్రగా, తిన్నగా, నా మీదే ఉన్నాయి. నన్ను చూస్తున్నాయి.

కోపం. ఉత్త కోపం. నా మీద పీకలదాకా కోపంగా ఉన్న నాన్న, ఎక్కడికీ పోకుండా ఇక్కడే ఉన్న నాన్న. పదమూడు రోజుల్లో మొదటిసారి నాకు ఊపిరాడింది. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. కోపంగా ఉండు నాన్నా. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండు.

"అక్కా, ఆగిపోయావేంటి?" అంది పిడుగు.

తర్వాతి లైను చదివాను. ఆగాను. ఆయన ఏమీ అనలేదు. ఇంకో లైను చదివాను.